పట్టేసిన పిస్టన్, నాగసేనుడి రథం

ముప్పై ఏళ్ల పాటు షెడ్డులో గోనెపట్టాల కింద ఉండిపోయిన ఒక జావా 250 మోటారు సైకిలును ఊహించుకుందాం. 1960ల్లో మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైన బండి. మెరూన్ రంగు, ట్యాంకుకు రెండు పక్కలా క్రోమ్, ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు, గేరు వేసే రాడ్డే కిక్ రాడ్డు కూడా. ఈ ముప్పై ఏళ్లలో దాన్ని ఎవరూ నడపలేదు, విప్పలేదు, ఒక్క నట్టు మార్చలేదు. మామూలు లెక్కన అది పెట్టింది పెట్టినట్టే ఉండాలి. కానీ పట్టా తీసి కిక్ మీద కాలు వేస్తే రాడ్డు రాయిలా నిలబడిపోతుంది. ఇంజను పట్టేసింది. గాలిలోని తేమ తగిలి పోత ఇనుప సిలిండరు గోడకు తుప్పు పుట్టింది. తుప్పు తాను తినేసిన ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పిస్టన్ రింగులను ఆ గోడకు బిగించేసింది. కార్బురేటరులో పెట్రోలు ఆవిరైపోయి అడుగున జిగురు మిగిలింది, ఆ జిగురు ఎండి జెట్ల సన్నని రంధ్రాలను పూడ్చేసింది. క్రాంకు పక్కన ఆయిల్ సీళ్ల రబ్బరు గట్టిపడింది. టైర్లు బీటలు వారాయి. ట్యాంకు మూత తీస్తే లోపల ఎర్రటి పొడి. ఎవరూ ఏమీ చేయలేదు, అయినా ఇంత జరిగింది. ప్రతి వస్తువూ క్షణక్షణమూ మారుతూనే ఉంటుందని బౌద్ధులు అన్నప్పుడు అదేదో ధ్యానంలో తోచిన మాట అనుకునేవాళ్లు ఆ కిక్ రాడ్డు మీద ఒకసారి కాలు వేసి చూడాలి.

ఇలాంటి బండి చేతికొచ్చినప్పుడు బాగుచేసేవాళ్ల నోట మొదట వచ్చే మాట 'ఒరిజినల్‌కి తేవాలి' అని. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా. ఆ మెరూన్ అదే ఛాయలో ఉండాలి, ఆ బోల్టు అదే పూతతో ఉండాలి. ఈ పట్టుదలంటే నాకు గౌరవమే. ఒక రబ్బరు బుష్షు కోసం నెలల తరబడి పాత సామాన్ల కొట్లు గాలించేవాళ్ల శ్రద్ధలో భక్తి లాంటిదే ఉంది. కానీ ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది, ఇంజనుతో పాటు దాన్నీ విప్పి చూడాలి. వస్తువుకు తనదంటూ ఒక నిజరూపం ఉంటుందనీ, కాలం దాని మీద మురికిలా పేరుకుంటుందనీ, ఆ మురికి గీకేస్తే నిజరూపం మళ్లీ బయటపడుతుందనీ ఆ నమ్మకం. ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమక కారికల్లో ఒక ప్రకరణమంతా పెట్టి పరీక్షించిన 'స్వభావం' ఇదే. స్వభావం అంటే ఒకరు చేసినది కాకూడదు, మరొకదాని మీద ఆధారపడకూడదు. కారణాల వల్ల పుట్టినదానికి అది ఎలా ఉంటుంది అని ఆయన ప్రశ్న. మోటారు సైకిలు నూటికి నూరుపాళ్లూ చేసిన వస్తువు. ఈ జావా పేరే 1929లో ప్రాగ్‌లో జానెచెక్ అనే ఇంటిపేరులోంచీ వాండరర్ అనే కంపెనీ పేరులోంచీ తలో ముక్క తెచ్చి అతికింది. డిజైను చెక్ ఇంజనీర్లది, బిగించిన చేతులు మైసూరువి. 1970ల్లో ఆ ఫ్యాక్టరీ బండికి పేరే యెజ్డీగా మారింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఈ వరసలో ఏ రోజును పట్టుకుని 'అసలు' అనాలి? 'ఒరిజినల్' అనేది వెనక్కి నడిచి చేరుకోగల చోటు కాదని నేను అంటాను. అంతేకాదు, అలాంటి చోటు లేదని ఒప్పుకున్న తరవాతే బాగుచేసేవాడు ఏం చేయొచ్చో ఏం చేయకూడదో తేటగా కనిపిస్తుంది.

బండ్ల గురించి ఈ ప్రశ్న మన దేశంలో రెండువేల ఏళ్లుగా నలుగుతోంది. మిళింద పన్హలో గ్రీకు రాజు మిళిందుడు 'నాగసేనుడు అంటే ఎవరు' అని అడిగితే, ఆ భిక్షువు ఎదురు ప్రశ్న వేస్తాడు: రాజా, నువ్వు రథమెక్కి వచ్చావు కదా, అందులో రథం ఏది? ఇరుసా, చక్రాలా, కాడా? ఏదీ కాదని రాజే ఒప్పుకుంటాడు. ఆ తరవాత కొన్ని శతాబ్దాలకు చంద్రకీర్తి మధ్యమకావతారంలో అదే రథాన్ని తీసుకుని ఏడు వైపుల నుంచి వెతికాడు. భాగాలే రథమా, భాగాలకు వేరుగా ఉందా, భాగాలు దానికి సొంతమా, అది భాగాల్లో ఉందా, భాగాలు దానిలో ఉన్నాయా, భాగాల కుప్పే రథమా, ఆకారమే రథమా. చివరి రెండు ప్రశ్నలూ మెకానిక్ షెడ్డులో రోజూ ఎదురయ్యేవే. బండి మొత్తం విప్పి, క్రాంకు, పిస్టన్, క్లచ్ ప్లేట్లు, గేరు పళ్లు, స్పోకులు అన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టామనుకోండి. కుప్ప పూర్తిగా ఉంది, ఒక్క వాషరు తగ్గలేదు. ఆ సంచిని ఎవరూ జావా అనరు. పోనీ ఆకారమా? అదే ఆకారంలో, అదే కొలతలతో రేపు ఒక కొత్త ఫ్రేము చేయించి, కొత్త రేకుతో ట్యాంకు కొట్టించి నిలబెడితే అది చూడటానికి జావాయే. కానీ అది షెడ్డులో ముప్పై ఏళ్లు పడి ఉన్న ఈ బండి కాదు. 2018లో జావా పేరుతో మళ్లీ కొత్త బండ్లు వచ్చాయి, ఆ పాత రూపాన్ని గుర్తుచేసే ట్యాంకుతో, లోపల మాత్రం ఫోర్‌స్ట్రోక్ ఇంజనుతో. అవి మంచి బండ్లే కావచ్చు. వాటిని చూసి పాత బండి తిరిగొచ్చిందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

దీనికి మన దర్శనాల్లోంచే గట్టి అభ్యంతరం ఉంది. న్యాయ వైశేషికులు చంద్రకీర్తి మాట ఒప్పుకోరు. భాగాలు వేరు, భాగాలన్నిటినీ ఆశ్రయించి ఉండే అవయవి వేరు, అది మాటవరస కాదు, నిజంగా ఉన్న వస్తువు అంటారు వాళ్లు. లేకపోతే ఒక మూల పట్టుకుని లాగితే కుండ మొత్తం ఎలా కదులుతుంది? 'ఇది ఆనాటి బండే' అని చూడగానే గుర్తుపడతాం కదా, ఆ ప్రత్యభిజ్ఞ అబద్ధమా? ఈ వాదంలో బలం ఉంది, హ్యాండిల్ పట్టుకుని తోస్తే బండంతా వస్తుంది, సంచీలోంచి ఒక భాగాన్ని లాగితే మిగతావి రావు. అయితే ఈ దారిన వెళ్లిన పునరుద్ధరణవాదికి ఓ చిక్కు వస్తుంది. అవయవం ఒకటి పోతే పాత అవయవి నశించి మరో కొత్త అవయవి పుడుతుందని ఆ వైశేషికులే అంటారు. బట్టలోంచి ఒక పోగు లాగితే మిగిలేది ఖండపటం, పాత బట్ట కాదు. అంటే పాత సీలు పీకి కొత్త సీలు వేసిన మధ్యాహ్నమే బండి చచ్చి మళ్లీ పుట్టింది. వస్తువు నిజంగా ఉందని అందరికన్నా గట్టిగా నమ్మినవాళ్ల లెక్కలోనే అది అందరికన్నా త్వరగా చేజారిపోయింది. ఇక గుర్తుపట్టడం సంగతి. కత్తిరించిన జుట్టు మళ్లీ పెరిగితే 'అదే జుట్టు' అంటాం, కానీ అది అదే కాదని అందరికీ తెలుసు అని బౌద్ధులు ఎప్పుడో జవాబిచ్చారు. మళ్లీ క్రోమ్ వేయించిన సైలెన్సరు మీద పాత మెరుపును గుర్తుపట్టే కన్ను కూడా అలాంటిదే.

మెకానిక్కులు ఇంకో మాట అంటారు: ఇంజనే ప్రాణం, మిగతాదంతా బట్టలు. దేహం మారినా ఆత్మ మారదనే మాట విని పెరిగిన మనకు ఇది వెంటనే నచ్చుతుంది. కానీ ఇంజను విప్పితే లోపల ప్రాణం ఎక్కడ? పిస్టన్ మారింది, కనెక్టింగ్ రాడ్డు మారింది, బేరింగులు మారాయి, సిలిండరు గోడను లేత్ మీద గీశారు. మిగిలింది నంబరు పొడిచిన క్రాంక్‌కేసు. కనీసం ఆ నంబరైనా నిలుస్తుందా? ఒక పాత బండి ఇంజను ఒకచోటికీ ఛాసిస్ మరోచోటికీ పోయి, ఇద్దరూ తలా ఒక బండి కట్టుకుని ఇద్దరూ 'మాదే అసలుది' అంటే ఆర్.సి. పుస్తకం ఒకరి వైపు తీర్పు చెప్పొచ్చు గానీ తర్కం చెప్పలేదు. 17వ శతాబ్దంలో థామస్ హాబ్స్, పలక తరవాత పలక మారుస్తూ వచ్చిన థీసియస్ ఓడకు ఇదే ముడి వేశాడు, తీసేసిన పాత పలకలన్నీ దాచి వాటితోనే మరో ఓడ కడితే ఏది అసలుది అని. మన 2021 నాటి వింటేజ్ వాహనాల నియమాలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇమ్మంటాయి. రిజిస్ట్రేషన్‌కు అలాంటి గీత అవసరం, తప్పుపట్టను. కానీ పెద్ద మార్పు ఎక్కడ మొదలవుతుందో ఇనుము చెప్పదు, మనుషులే కూర్చుని తేల్చుకోవాలి.

ఇంగ్లండులో 1990లో ఒక కోర్టు అలా కూర్చుని తేల్చింది. అది కారు కథ, కానీ ప్రశ్న ఇదే. 1929, 1930 లె మాన్స్ పందేలు గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్, 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరు. కోటి పౌండ్లకు బేరం కుదిరాక కొనేవాళ్లు ఇది అసలు కారే కాదన్నారు. వాళ్ల మాటలో పస లేకపోలేదు. 1929 నాటి లోహం దాదాపు ఏమీ మిగల్లేదు, ఛాసిస్‌తో సహా చాలా భాగాలు తరవాత చేరినవే. అయినా ఇది ఓల్డ్ నంబర్ వనే అని జస్టిస్ ఆటన్ తీర్పిచ్చారు. దాని చరిత్ర ఎక్కడా తెగలేదు, మధ్యలో అది లేకుండా పోయిన రోజంటూ లేదు, పందేల కోసమూ ప్రమాదాల తరవాతా ఒక్కొక్కటిగా మారుతూ వచ్చింది అన్నది ఆయన చూసిన ఆధారం. నాగసేనుడు దీపం గురించి చెప్పింది కూడా ఇదే. మొదటి జాములో వెలిగిన మంట, చివరి జాములో వెలిగే మంట ఒకటి కాదు, వేరూ కాదు. ఒకదాన్ని ఆధారం చేసుకుని ఇంకొకటి వెలుగుతూ వచ్చింది. ఆ వరసనే బౌద్ధులు సంతానం అన్నారు. మన భాషలో ఆ మాటకు పిల్లలు అనే అర్థం స్థిరపడింది గానీ, పాత అర్థం తెగకుండా సాగే ధార. జావా బండి అంటే ఆ ధార. 1960ల్లో మైసూరులో కొట్టిన రేకు, ఆ తరవాత ఏ లారీకో తగిలి పడిన సొట్ట, ముప్పై ఏళ్ల తుప్పు, ఇప్పుడు వేసిన కొత్త రింగులు, అన్నీ అందులోవే.

'అసలు అనేదే లేకపోతే ఏదైనా చేయొచ్చన్నమాట, చైనా ఇంజను బిగించి జావా అనొచ్చు' అని ఎవరైనా అడగొచ్చు. ఏ వస్తువుకూ స్వభావం లేదనే శూన్యవాదం మీద మొదటినుంచీ పడుతున్న నింద ఇదే, నాగార్జునుడు కారికల్లోనే దీనికి జవాబు చెప్పాడు: శూన్యం కాబట్టే అన్నీ పొసుగుతాయి, స్వభావం ఉంటేనే ఏదీ పొసగదు. మనం ఊహించుకున్న బండికి ఇది అక్షరాలా వర్తిస్తుంది. దానికి మారని స్వభావమే ఉండి ఉంటే అది తుప్పు పట్టేదీ కాదు, తుప్పు వదిలేదీ కాదు, బాగుచేయడం అనే పనే ఉండేది కాదు. ఇక, కారణాల మీద ఆధారపడటం అంటే విచ్చలవిడితనం కాదు. అంతకన్నా కచ్చితమైన లెక్క ఇంకోటి లేదు. టూస్ట్రోక్ ఇంజనులో క్రాంక్‌కేసే పంపులా పనిచేస్తుంది. గట్టిపడిన సీలును అలాగే వదిలేస్తే ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది, పెట్రోలు మిశ్రమం పలచనవుతుంది, ఇంజను వేడెక్కి పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది. ఎంత ముద్దుగా రంగు వేసినా ఆ సీలు మన్నించదు. బండి చరిత్ర కూడా అలాంటి గొలుసే. అందులో ఒక అబద్ధపు కారణాన్ని చొప్పించడమే తప్పు. పాత నంబరు గీకేసి కొత్తది పొడవడం, కొత్త రేకుకు యాసిడ్ పూసి పాతదని నమ్మించడం, ఎవరిదో బండిని ఫలానా పందెం గెలిచిన బండి అని చెప్పడం. ఇవి తప్పు కావడానికి 'అసలు' అనే పదార్థం అక్కర్లేదు, జరగనిదాన్ని జరిగిందనడం చాలు. కట్టడాల పునరుద్ధరణకు 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ ఊహ మొదలైన చోట పని ఆపమంటుంది. పాత వాహనాల సంస్థ ఫీవా 2012లో ఆమోదించిన ట్యురిన్ చార్టర్ ఆ బాటలోదే. చేసిన ప్రతి మార్పునూ రాసిపెట్టమనడం చిన్న గుమాస్తా నియమంలా కనిపిస్తుంది, నాకు మాత్రం సత్యవ్రతంలా తోస్తుంది.

ఆస్తికులు ఇక్కడ మరో ప్రశ్న వేయొచ్చు. గుడికీ విగ్రహానికీ జీర్ణోద్ధరణ ఉంది, అక్కడ మారని దైవం ఉంది కాబట్టి రాయి మారినా చెల్లుతుంది, ఇనుప బండికి ఏముందని? ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. ఆగమాల ప్రకారం పని మొదలయ్యే ముందు స్వామి శక్తిని కుంభంలోకి ఆకర్షించి బాలాలయంలో ఉంచుతారు, పని అయ్యాక సంప్రోక్షణ చేసి తిరిగి తెస్తారు. పూరీలో నవకళేబరం నాడు, చివరిసారి 2015లో, దారువిగ్రహాలే మారాయి, బ్రహ్మపదార్థం పాత వాటిలోంచి కొత్త వాటిలోకి వెళ్లింది. బండికి అలాంటిదేదీ లేదు, ఉందని నేను చెప్పను. కానీ ఆగమం పనిచేసే తీరును దగ్గరగా చూడండి. తిరుమలలో అష్టబంధన మహాసంప్రోక్షణం పన్నెండేళ్లకోసారి జరుగుతుంది, 2018 ఆగస్టులో కూడా జరిగింది. అష్టబంధనం అంటే ఎనిమిది ద్రవ్యాలు కలిపి నూరిన ముద్ద, విగ్రహానికీ పీఠానికీ మధ్య సందును పట్టి ఉంచేది. అది కొన్నేళ్లకు ఎండుతుందని, బీటలు వారుతుందని ఆగమానికి తెలుసు. తెలిసే పన్నెండేళ్ల గడువు పెట్టింది. ప్రతిష్ఠ జరిగిన మొదటి రోజుకు తిరిగి వెళ్లాలని ఆ శాస్త్రం ఎక్కడా తహతహలాడదు. ఎండిన ముద్దను తీసి కొత్త ముద్ద పెట్టడం కూడా గుడి జీవితంలో భాగమేనని ఒప్పుకుంటుంది. దేవుడి విషయంలో ఆస్తికుడు నమ్మేది నమ్మనీ, రాయీ ముద్దా విషయంలో ఆయన ఆచరణ నాగసేనుడి దీపానికి చాలా దగ్గర. నాగార్జునకొండ కూడా గుర్తుకొస్తుంది. సాగర్ జలాశయంలో ఆ లోయ మునగబోతోందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైనా అనుపులోనూ మళ్లీ కట్టారు. ఆచార్యుడి పేరు మోసే చోటే తన నేల వదిలి పైకి నడిచింది. అక్కడి స్తూపాల దగ్గర నిలబడి ఇవి అసలువి కావని మూతి విరిచేవాళ్లు ఉండొచ్చు, ఆ కృషి జరక్కపోతే నీళ్లు తప్ప చూసేందుకు ఏమీ ఉండేది కాదు.

ఇదంతా ఎందుకు, ముట్టుకోకుండా అద్దాల పెట్టెలో పెట్టేయండి, తుప్పు కూడా చరిత్రే కదా అనేది చివరి అభ్యంతరం. నా వాదంలోంచే పుట్టిన అభ్యంతరం కనుక తప్పించుకోలేను. సొట్టను ఉంచమన్నవాడు తుప్పును ఎందుకు తీయమంటాడు? సొట్ట జరిగిపోయిన పని, తుప్పు జరుగుతున్న పని. సొట్ట పడిన చోటే ఆగి ఉంది. తుప్పు ఈ రాత్రి కూడా సిలిండరు గోడను తింటూనే ఉంటుంది, వదిలేస్తే సొట్ట ఉన్న రేకును కూడా మిగల్చదు. ముట్టుకోకపోవడం బండిని ఆపి ఉంచదని ఆ ముప్పై ఏళ్లు చూపించనే చూపించాయి. మితిమీరి మెరిపించడం ఇంకో కొస. ట్యాంకును పూర్తిగా గీకి, ప్రతి గీతనూ పుట్టీతో పూడ్చి, అద్దంలా రంగు వేసిన బండిలో మోకాళ్ల రాపిడికి అరిగిన చోటు కనిపించదు. ఏళ్ల తరబడి ఒక మనిషి అక్కడ కూర్చున్నాడనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అది. దాన్ని ఇసుక కాగితంతో తుడిచేసి 'బండిని కాపాడాను' అనడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంజను లోపల మాత్రం గీకక తప్పదు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో డీజిలు పోసి రోజుల తరబడి నానబెడతారు. ఆ తరవాత కిక్ రాడ్డును తొక్కకుండా, చేత్తో వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. ఒక రోజు పిస్టన్ వదులుతుంది. సిలిండరు తీసి వెలుతురులో పట్టుకుంటే రింగులు ఆనుకుని ఉన్న చోట గోడ మీద వలయంలా గుంటలు కనిపిస్తాయి, ముప్పై ఏళ్లు పిస్టన్ ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ. ఆ గుంటలు పోవాలంటే లేత్ మీద బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. కంపెనీ బోరు 65 మిల్లీమీటర్లు. ఒకేసారి పూర్తి మిల్లీమీటరు కోయిస్తే పని తేలిక, గుంటలన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. కానీ సిలిండరు గోడ మందం ఇంతేనని ఒక హద్దు ఉంది. తెలిసిన మెకానిక్ ముందు పావు మిల్లీమీటరే గీయిస్తాడు, వేలు పెట్టి తడిమి చూస్తాడు, గుంట ఇంకా తగిలితేనే మరో పావు. అర మిల్లీమీటరుతో గోడ నున్నగా వచ్చిందంటే అక్కడే ఆపుతాడు. 65.75, 66 అనే రెండు కొలతలు, ఇంకో ముప్పై ఏళ్ల తరవాత ఆ సిలిండరును విప్పబోయే మనిషి కోసం, ఆ ఇనుములోనే మిగిలి ఉంటాయి.